సులువు పక్కన సులభం

పోయిన వారం మనం గువ్వని ఫొటో స్టూడియో మెట్ల మీద వదిలేశాం. చేతిలో ఫోను, ఫోనులో ఆ ఫొటో, గుండెల్లో సొంత ఆడపడుచు మీద అనుమానం. లోపలికి వెళ్ళి కడిగేయాలా, చప్పుడు చేయకుండా ఇంటికి పోవాలా తేల్చుకోలేక రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గువ్వ అన్నది పుట్టింటివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. అత్తింట్లోనూ అదే ఖాయమైపోయింది. ఆమె భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఆమధ్య అతని భుజం విరిగినప్పుడు, చెయ్యి ఎత్తలేని మనిషికి చొక్కా ఎలా తొడగాలో తెలియక, గువ్వ ఒక పాత చొక్కాని మెడ దగ్గర్నుంచి మోచేతిదాకా చీల్చి టిచ్ బటన్లు బిగించింది. చెయ్యి కదపక్కర్లేదు. ఒంటి మీద కప్పి, టక్కు టక్కుమని నొక్కేస్తే సరి. అది చూసి ఫిజియోథెరపీ డాక్టరమ్మ ముచ్చటపడి, "నా దగ్గరికొచ్చే వాళ్ళందరికీ ఇలాంటిది కావాలమ్మా" అంది. అలా పుట్టింది 'సులువు' అనే ఆన్‌లైన్ షాపు.

అది నిలదొక్కుకుంటుండగానే పక్కన 'సులభం' మొలిచింది. అవే చొక్కాలు, అవే రంగులు, అవే మాటలు. గువ్వ హడావిడిలో 'భుజానికి' బదులు 'బుజానికి' అని రాస్తే అక్కడా 'బుజానికి' అనే ఉంది. 'సులభం' చొక్కాల బటన్లు నాలుగు ఉతుకులకే ఊడిపోతుంటే తిట్లు మాత్రం 'సులువు'కి వచ్చి పడుతున్నాయి. చివరికి డాక్టరమ్మ కూడా ఆర్డరు ఆపేసింది. "అది నాది కాదండీ" అని గువ్వ మొత్తుకుంటే, "ప్యాకెట్టు మీద మీ ఆయనే నిలబడి ఉన్నాడు కదమ్మా, కాదంటే ఎలా నమ్మను?" అంది.

ఆ ప్యాకెట్టు మీది ఫొటోనే గువ్వ కొంప ముంచింది. 'సులువు'లో పెట్టిన ఫొటోలో భర్త ఒక్కడే ఉంటాడు. 'సులభం'లో ఉన్న దాంట్లో, కుడి అంచున, తెల్ల అట్ట పట్టుకున్న ఒక ఆడ చెయ్యి కూడా ఉంది. చూపుడువేలికి ప్లాస్టరు. ఆ చెయ్యి గువ్వదే. వెలుగు సరిగ్గా పడాలని ఆడపడుచు చెబితే తనే అట్ట పట్టుకుని నిలబడింది. అంచులు కత్తిరించని ఆ అసలు ఫొటో లోకంలో ఒకే ఒక్కరి దగ్గర ఉంది. తీసిన ఆడపడుచు దగ్గర. ఈ స్టూడియో ఆమెదే.

ఇక కథలోకి వెళదాం.

గువ్వ గట్టిగా ఊపిరి పీల్చుకుని స్టూడియో తలుపు తోసింది.

లోపల ఆడపడుచు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నోటితో కోతి చప్పుళ్ళు చేస్తోంది. ఎదురుగా కుర్చీలో ఏడుపు మొహం పెట్టిన పసిపిల్ల. వెనక తల్లి, పిల్ల మెడ నిటారుగా ఉండేలా చున్నీ చాటునుంచి పట్టుకుని ఉంది.

"వదినా, వచ్చావా! ఆ గిలక్కాయ ఇలా విసురు. పాస్‌పోర్టు ఫొటో అంట. కళ్ళు తెరవాలి, నోరు ముయ్యాలి. ఈవిడగారు రెండూ తిరగేసి చేస్తోంది."

పోట్లాటకి వచ్చిన మనిషి చేతిలో గిలక్కాయ. ఏం చేస్తుంది? ఊపింది. పిల్ల నోరు మూసి, కళ్ళు ఇంతలు చేసుకుని గువ్వ వైపు చూసింది. కెమెరా చప్పుడైంది. తల్లి దణ్ణం పెట్టినంత పని చేసి, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"నువ్వు రోజూ రా వదినా, నాకు సగం పని తప్పుతుంది" అంటూ లేచిన ఆడపడుచు, గువ్వ మొహం చూసి ఆగిపోయింది. "ఏమైంది? అన్నయ్య బానే ఉన్నాడా?"

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మానేసి గువ్వ ఫోను ముందుకు చాపింది.

"ఇది నువ్వు తీసిందే కదా?"

"ఆఁ, నాదే."

"కత్తిరించనిది. నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేనిది."

ఆడపడుచు ఫోను తీసుకుని దగ్గరగా చూసింది. దూరంగా పెట్టి చూసింది. పైన ఉన్న 'సులభం' పేరు చూసింది. ఆమె మొహంలోకి నెమ్మదిగా ఎరుపు పాకింది.

"అంటే? నన్ననుకుంటున్నావా వదినా? నేనిచ్చాననా?"

"నేనేం అనుకోవాలో తెలియకే వచ్చాను. మూడు పూటలా దీని గురించే ఆలోచిస్తున్నాను. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. చెప్తే మీ ఇద్దరి మధ్యా..." గువ్వ ఆ మాట అక్కడే వదిలేసింది. "డబ్బు ఇబ్బందేమైనా ఉంటే అడగాల్సింది కదా."

ఆడపడుచు ఏడుస్తుందనుకుంది గువ్వ. తిడుతుందనుకుంది. ఆమె మాత్రం ఫోనుని లైటు కిందకి తీసుకెళ్ళి గువ్వ కళ్ళ ముందు ఆడించింది.

"ముందు ఇది చూడు. సరిగ్గా చూడు. నేను ద్రోహమే చెయ్యాలనుకుంటే నా ఫొటోని ఇంత దరిద్రంగా పెట్టనిస్తానా? అన్నయ్యకి కామెర్లొచ్చినట్టు లేదూ? ఆ పసుపేంటి! చొక్కా రంగు నీలమా బూడిదా? పక్కనున్న ఈ చెయ్యి కత్తిరించాలన్న జ్ఞానం కూడా లేదు వాళ్ళకి. వదినా, నన్ను దొంగని అను, పడతాను. చేతకాని ఫొటోగ్రాఫర్ని మాత్రం అనకు!"

గువ్వ ఆ ఫొటో వంక చూసింది. నిజమే. భర్త నిమ్మపండులా ఉన్నాడు. ఆ మనిషి మొహంలో అంత పచ్చదనం ఏ రోజూ లేదు. ముందు పెదవి చివర కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నెత్తి మీద మోస్తున్న బండని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. ఆడపడుచు కాదు. ఇంకెవరైనా కానీ, ఆడపడుచు మాత్రం కాదు.

"నన్ను క్షమించు" అంది.

"క్షమించను. ఓ వారం రోజులు మొహం మాడ్చుకుంటాను. ఆ హక్కు నాకుంది" అంది ఆడపడుచు, వదిన బుగ్గలు తన చున్నీతో తుడుస్తూనే. "అది తర్వాత. అసలు ఇది బయటికెలా పోయింది?"

కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను కొరుకుతూ ఆలోచించింది. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది.

"గుండీల బాబాయి!"

"ఏ బాబాయి? మన బాబాయా?"

"మనకి టిచ్ బటన్లిచ్చే ఆయనే! ఫొటో తీయించుకోవడానికి వచ్చాడు. గోడ మీద అన్నయ్య ఫొటో చూసి, 'మా గుండీలతో కుట్టిన చొక్కా కదా, షాపులో పెద్దది కట్టించి పెట్టుకుంటా, పంపమ్మా' అన్నాడు. పెద్దది కావాలన్నాడని అసలుదే ఫోనుకి పంపేశాను. నీకు చెబుదామనుకుని మర్చిపోయాను."

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. గుండీల బాబాయికి ఫోనులో కాల్ ఎత్తడం, పెట్టేయడం తప్ప ఇంకేం రాదు. మిగతావన్నీ చూసేది ఆయన కూతురు.

స్టూడియోకి తాళం పడింది.

గుండీల బాబాయి షాపు అంటే ఒక పొడుగాటి ఇరుకు గది. రెండు గోడలకీ నేల నుంచి పైకప్పుదాకా చిన్న చిన్న సొరుగులు. ప్రతి సొరుగుకీ లోపల ఏముందో చెప్పే గుండీ ఒకటి బయట అతికించి ఉంటుంది. బాబాయి కౌంటరు వెనక నిచ్చెన మీద ఉన్నాడు.

"రా అమ్మాయ్! తెల్లవి కావాలా, నల్లవి కావాలా?"

"బటన్ల కోసం కాదు బాబాయ్. మీ అమ్మాయి ఉందా?"

ఆ అడిగిన తీరుకే ఆయన నిచ్చెన దిగాడు. వెనక గది తెర పక్కకి జరిగింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. గువ్వని చూసింది, ఆడపడుచుని చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడంలోనే గువ్వకి సమాధానం దొరికిపోయింది.

"సులభం నువ్వేనా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం తల దించుకుని, మళ్ళీ ఎత్తింది. "నేనే అక్కా. అయితే ఏంటి? ఆన్‌లైన్లో అందరూ అందర్నీ చూసే చేస్తారుగా. చొక్కా మీరు కనిపెట్టారా? బటన్లు మీరు కనిపెట్టారా?"

"లేదు" అంది గువ్వ. "చొక్కా గురించి నేను రాలేదు."

ఆ అమ్మాయి సిద్ధం చేసుకున్న జవాబులన్నీ ఆ మాటతో నీరుగారిపోయినట్టున్నాయి. అయోమయంగా చూసింది.

"నా మొగుడి ఫొటో పెట్టుకున్నావు. నా తప్పులతో సహా నా మాటలు ఎత్తుకున్నావు. అదలా ఉంచు. పోయిన నెల నాకొక పెద్దాయన ఫోను చేశాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి గడప దాటి బ్యాంకుకి వెళ్ళాడట. క్యూలో నిలబడి ఉండగా భుజం మీద బటన్లన్నీ ఒక్కసారిగా ఊడి, చొక్కా ఒక పక్క మొత్తం జారిపోయిందట. ఆయనకేమో ఒక చెయ్యి కట్టులో, ఇంకో చేతిలో కర్ర. లాక్కోవడానికి చెయ్యి లేదు. కుట్లు, పట్టీలు అన్నీ అందరూ చూస్తుండగా అలాగే నిలబడ్డాడట, ఎవరో వచ్చి కప్పేదాకా. 'మనిషి పరువుతో ఆడుకోకండమ్మా' అన్నాడు నాతో. నాది కాదని చెప్పడానికి కూడా నోరు రాలేదు."

ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. ఏదో అనబోయింది కానీ, ఆలోపే బాబాయి గర్జించాడు.

"ఊడాయా! నా గుండీలు ఊడాయా!"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"నలభై ఏళ్ళ నుంచి అమ్ముతున్నాను. నా టిచ్ బటన్ ఊడిందన్న మాట ఇప్పటిదాకా ఎవరి నోటా వినలేదు. ఏదీ, ఆ చొక్కా తీసుకురా! ఇప్పుడే తేలాలి!"

కూతురు కదల్లేదు. ఆయనే తెర తోసుకుని లోపలికి వెళ్ళాడు. వెనకే వీళ్ళూ వెళ్ళారు. వెనక గదిలో ఒక కుట్టుమిషను, ఒక టేబులు, మూలన మోకాలెత్తు చొక్కాల కుప్ప. అన్నీ తిరిగొచ్చినవే. కొన్ని ప్యాకెట్లు విప్పను కూడా లేదు. ఆ కుప్ప పక్కన చాప, దాని మీద దిండు. ఆ అమ్మాయి కొన్నాళ్ళుగా ఆ గదిలోనే ఉంటోందని చూడగానే తెలుస్తోంది.

బాబాయి పైనున్న చొక్కా లాగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, బటన్ని గోటితో తిప్పి చూశాడు. ఆయన గొంతు మారిపోయింది.

"ఇది మన గుండీ కాదు."

చొక్కా కూతురి ముందుకు చాపాడు.

"ఎక్కడిది?"

"ఆన్‌లైన్లో కొన్నాను నాన్నా. మనవాటికన్నా చవకగా వచ్చాయి."

గుండీల బాబాయి తెర అవతలి సొరుగుల గోడల వంక, కూతురి వంక మార్చి మార్చి చూశాడు. "నా కడుపున పుట్టి, నా షాపు వెనక కూర్చుని, నా గుండీలు కొనలేదా?"

ఆడపడుచు గభాలున గోడ వైపు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికని గువ్వకి తెలుసు. గువ్వకి మాత్రం నవ్వు రాలేదు. ఆ అమ్మాయి అప్పటికే చొక్కాల కుప్ప మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కుతోంది.

"షాపుకి ఎవరూ రావట్లేదక్కా. నాన్న పొద్దున్నుంచి నిచ్చెనెక్కి దుమ్ము దులుపుతాడు, అంతే. మీరొక్కరే ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ పట్టుకెళ్ళేవారు. అదేదో మనమే చేస్తే అనుకున్నాను. మొదట్లో బాగానే పోయాయి. తర్వాత ఒక్కొక్కటీ తిరిగి రావడం మొదలైంది. ఆపేద్దామంటే అప్పటికే ఆర్డర్లున్నాయి, కుడదామంటే ఊడిపోతున్నాయి. ఎందుకు ఊడుతున్నాయో అర్థం కాదు. ఎవర్ని అడగను? మిమ్మల్ని అడగాలి. మిమ్మల్నెలా అడుగుతాను? తలుపు చప్పుడైతే చాలు, మీరే వచ్చారనుకునేదాన్ని." చేతులు తీసి గువ్వ వంక చూసింది. "వచ్చేశారు. హమ్మయ్య. ఇంక ఎదురుచూడక్కర్లేదు."

గువ్వ ఆ కుప్పలోంచి ఒక చొక్కా అందుకుంది. ఎన్ని రోజులుగా ఈ 'సులభం' మనిషిని ఊహించుకుందో! ఎక్కడో పెద్ద ఆఫీసులో, చల్లటి గదిలో కూర్చుని, తన కష్టాన్ని చూసి నవ్వుకుంటున్న ఘటికుడెవరో అనుకుంది. నిద్రలో కూడా వాడితోనే పోట్లాడింది. తీరా చూస్తే చొక్కాల మీద కూర్చుని ముక్కు చీదుకుంటున్న ఈ పిల్ల. కోపం పూర్తిగా పోలేదు కానీ, భయం పోయింది. భయం పోతే కోపం ఇంత చిన్నదవుతుందని గువ్వకి ఇప్పుడే తెలిసింది.

చొక్కా భుజం తిరగేసి చూసింది.

"వెనక పట్టీ ఎక్కడ?"

"ఏ పట్టీ?"

"బయటికి కనపడదు. అందుకే నీకు దొరకలేదు. బట్ట పల్చన. బటన్ పళ్ళు దాన్ని పట్టుకుంటే ప్రతి లాగుడికీ చిరుగుతుంది. లోపల గట్టి బట్ట పట్టీ ఒకటి వేసి, దాంతో కలిపి బిగించాలి. నా చొక్కా ఒక్కటి కొని విప్పి చూసినా తెలిసేది."

"కొన్నాను" అంది ఆ అమ్మాయి చిన్న గొంతుతో. "విప్పడానికి మనసు రాలేదు. అంత బాగా కుట్టారు. నాన్న భుజం నొప్పికి ఇచ్చేశాను."

బాబాయి అప్రయత్నంగా తన భుజం తడుముకున్నాడు. ఆయన ఒంటి మీద ఉన్నది గువ్వ చొక్కాయే. ఈసారి ఆడపడుచు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు గువ్వకి అంటుకుంది. ఏడుస్తున్న పిల్ల కూడా తుమ్మినట్టు నవ్వింది. బాబాయి ఒక్కడే గంభీరంగా, "ఇది ఊడలేదు చూశారా! నా గుండీలు కదా!" అన్నాడు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. ఆ అమ్మాయి కంప్యూటరు తెరిచింది. నిమ్మపండు రంగు భర్త, పక్కన గువ్వ చెయ్యి, 'బుజానికి' అన్న మాట, ఒక్కొక్కటే మాయమయ్యాయి. వాటి చోట ఆ అమ్మాయి తనే రాసింది: ఈ చొక్కాలు కొన్నవాళ్ళు వెనక్కి పంపండి, బాగుచేసి ఇస్తాను, ఇందులో తప్పు 'సులువు'ది కాదు, నాది. చదివి వినిపించాక కూడా ఒక్క మాటా మార్చలేదు.

"నన్ను కుట్టడం మానేయమంటారా అక్కా?"

గువ్వకి అవునని అనాలని ఉంది. ఆ హక్కూ ఉంది. చేతిలోని చొక్కాని ఒకసారి తిరగేసి చూసి అంది:

"మానమని నేనెవర్ని? ముందు ఈ కుప్ప మొత్తానికీ పట్టీలు వెయ్యి. ఆ మాస్టారి దగ్గరికి నువ్వే స్వయంగా వెళ్ళు. ఆ తర్వాత కుట్టుకో. పేరు మాత్రం మార్చు. నీ ఫొటో నువ్వు తీయించుకో, నీ మాటలు నువ్వు రాసుకో."

"ఫొటోలు నేను తీస్తా" అంది ఆడపడుచు. "ఊరికే కాదు."

"అన్నిటికన్నా ముందు డాక్టరమ్మకి ఫోను చెయ్యి. నేను చెబితే నమ్మలేదావిడ."

ఆ అమ్మాయి అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. తను ఎవరో, ఏం చేసిందో తడబడుతూనే మొత్తం చెప్పేసింది. తర్వాత డాక్టరమ్మ గొంతు, "ఆవిడ పక్కనే ఉందా? ఇవ్వమ్మా" అంది.

"ఉన్నానండీ" అంది గువ్వ.

"నిన్ను అనవసరంగా బాధపెట్టానమ్మా. మనసులో పెట్టుకోకు. ఆర్డరు రేపట్నుంచే మళ్ళీ మొదలుపెట్టు. అందరూ అడుగుతున్నారు."

గువ్వకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. బాబాయి అప్పుడే ముందు గదిలోకి వెళ్ళి, తెల్ల గుండీల సొరుగు లాగి లోపలికి చూస్తున్నాడు. గువ్వ భర్తకి ఈ కబురెలా చెప్పాలా, మొదట నిమ్మపండు సంగతి చెప్పాలా, ఆర్డరు సంగతి చెప్పాలా అని ఆలోచించుకుంటోంది.

"ఇంకో మాట" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో ఏదో జంకు. "నీకు వీలైతే ఇప్పుడే ఒకసారి రా. ఇక్కడ ఒకావిడ వచ్చి కూర్చున్నారు. గోడ మీద నీ చొక్కా చూసి, సంచిలోంచి ఒక పాత చొక్కా తీశారు. అచ్చం అదేనమ్మా. భుజం, బటన్లు, లోపలి పట్టీతో సహా. నీ పేరు చెబితే, నీ ఫోను నంబరు ఇమ్మంటున్నారు. ఇదిగో, తనే మాట్లాడతానంటున్నారు."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత కాస్త బొంగురుగా, తొందరేమీ లేని ఒక ముసలి గొంతు.

"ఏమ్మా, మిషను మీద కూర్చున్నప్పుడు కింది పెదవి కొరుక్కునే అలవాటు పోయిందా, ఇంకా ఉందా?"

గువ్వ చేతిలోని చొక్కా జారి కింద పడింది. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ పంపిన కుట్టు క్లాసు, ఆ గదిలో నూనె వాసన, వెనకనుంచి వినపడే ఈ గొంతే.

"టీచరుగారూ?"

"గుర్తుపట్టావు, సంతోషం. మా ఆయన మంచాన పడ్డప్పుడు ఈ చొక్కా ఆయన కోసం కుట్టాను. క్లాసు అయిపోయాక కూడా ఒక పిల్ల ఇంటికి వెళ్ళకుండా నా పక్కనే కూర్చుని, ఒక్కొక్క బటనూ అందించింది. ఆ పిల్లవి నువ్వేనా అని అడుగుదామనే నీ నంబరు ఇమ్మన్నాను."

గదిలో అందరూ గువ్వ వంకే చూస్తున్నారు. కాదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది, ఆ బటన్లు అందించిన చెయ్యి తనదేనని.